ఆంత్వాన్ చెప్పిన అబద్ధం: ‘ఫోర్ హండ్రెడ్ బ్లోస్’లో ఆత్మకథ ఎంత, కల్పన ఎంత?

ఆంత్వాన్ ద్వానెల్ బడి ఎగ్గొట్టి మర్నాడు తరగతికి వస్తాడు. గైర్హాజరుకు కారణం రాసిన చీటీ చేతిలో లేదు. మాస్టారు నిలదీస్తే కాసేపు నీళ్లు నమిలి, “మా అమ్మ, సార్... చనిపోయింది” అంటాడు. అప్పటిదాకా చిందులు తొక్కిన మాస్టారు ఒక్కసారిగా మెత్తబడి ఓదార్చడం మొదలుపెడతాడు. ఆ ఓదార్పు ఎంతోసేపు నిలవదు. చనిపోయిందన్న తల్లి భర్తతో కలిసి బడికి వస్తుంది. తరగతి అంతా చూస్తుండగా తండ్రి కొడుకు చెంప ఛెళ్లుమనిపిస్తాడు.

ఫ్రెంచ్ దర్శకుడు ఫ్రాన్స్వా త్రుఫో 1959లో తీసిన తొలి పూర్తి నిడివి చిత్రం ‘ఫోర్ హండ్రెడ్ బ్లోస్’లోని ఈ సన్నివేశాన్ని ‘దర్శకుడి సొంత అనుభవం’ అని చెప్పుకోవడం పరిపాటి. అందులో సగమే నిజం. చిన్నప్పుడు తానూ అలాంటి అబద్ధమే చెప్పానని త్రుఫో అన్నాడు. కాకపోతే అతను చెప్పింది తల్లి చావు గురించి కాదు, తండ్రి అరెస్టు గురించి. నాన్నను జర్మన్లు పట్టుకుపోయారని చెప్పాడు. అది పారిస్ నాజీల ఆక్రమణలో ఉన్న కాలం కాబట్టి ఆ మాట నమ్మదగినదే. తెరకెక్కేసరికి జర్మన్లు మాయమయ్యారు, తండ్రి స్థానంలోకి తల్లి వచ్చింది, అరెస్టు మరణంగా మారింది.

క్లుప్తంగా చెప్పాలంటే: ఈ చిత్రంలోని ఘటనల్లో చాలా భాగం త్రుఫో జీవితంలోవే. అయితే అతను తీసేసినవీ మార్చినవీ ఒకే దిక్కుకు నడిపిస్తాయి. యుద్ధం, అప్పుల దాకా తెచ్చిన సినిమా పిచ్చి, ఆదుకున్న గురువు అనే మూడింటినీ పక్కకు తప్పించడంతో ఆంత్వాన్ కథ ఇల్లు, బడి, పోలీసు స్టేషను మధ్య బిగుసుకుంది. ‘ఆత్మకథాత్మకం’ అన్న ముద్ర ఈ తేడాను కప్పేస్తుంది.

పేరు దగ్గరే పేచీ

ఫ్రెంచ్ పేరు ‘లే కాత్ర్ సాఁ కూ’. మాటకు మాట పెడితే ‘నాలుగు వందల దెబ్బలు’. ఇంగ్లిష్ పేరు అలా వచ్చిందే. దాన్ని చూసి ఇది బడిలో దెబ్బలు తిన్న పిల్లవాడి కథ అనుకునేవారు నేటికీ ఉన్నారు. ఫ్రెంచ్‌లో అది ఒక జాతీయం. ‘నాలుగు వందల కూ’ చేశాడంటే హద్దూపద్దూ లేకుండా తిరిగాడని, చేయని ఆగడం లేదని అర్థం. 1621లో పదమూడో లూయీ రాజు మొంతోబాన్ పట్టణాన్ని ముట్టడించి నాలుగు వందల ఫిరంగి గుళ్లు పేల్చాడనీ, ఈ మాట అక్కడే పుట్టిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. అది చరిత్ర కన్నా జనశ్రుతికే దగ్గర. పిల్లవాడి గురించి పెద్దలు విసుగ్గా అనే మాటగా తీసుకుంటే పేరులోని వెటకారం తెలుస్తుంది. తొంభై తొమ్మిది నిమిషాల సినిమాలో ఆంత్వాన్ చేసే ఆగడాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

జీవితంలో నుంచి వచ్చినవి

త్రుఫో 1932 ఫిబ్రవరి 6న పారిస్‌లో పుట్టాడు. తల్లి జానీన్ అప్పటికి అవివాహిత. తర్వాత ఆమెను పెళ్లాడిన రోలాఁ త్రుఫో పిల్లవాడికి తన ఇంటిపేరు ఇచ్చాడు. చంటితనం పాలిచ్చి సాకే దాది దగ్గర, ఆపైన చాలా ఏళ్లు అమ్మమ్మ దగ్గర గడిచాయి. అమ్మమ్మ పోయాకే తల్లీ, మారుతండ్రీ ఉన్న ఇరుకింట్లోకి వచ్చాడు. రోలాఁ తన కన్నతండ్రి కాదన్న సంగతి పెద్దలు కూర్చోబెట్టి చెప్పింది కాదు, పిల్లవాడు తనంతట తాను పసిగట్టింది.

చిత్రంలో ఇదంతా దాదాపు ఉన్నదున్నట్టే ఉంది. తల్లి తనను కనకూడదనుకుందని, అమ్మమ్మ అడ్డుపడటం వల్లే పుట్టానని ఆంత్వాన్ మానసిక నిపుణురాలికి చెబుతాడు. ఏడుపు లేదు. ఏదో పక్కింటి విషయం చెప్పినట్టు చెబుతాడు. బడి ఎగ్గొట్టి సినిమాలకు పోవడం, బాల్జాక్ నవలల మీద పిచ్చి, టైపురైటర్ దొంగతనం, బాల నేరస్థుల కేంద్రంలో నిర్బంధం కూడా జీవితంలో నుంచి వచ్చినవే. తోడుగా తిరిగే రెనేకు మాతృక త్రుఫో బాల్యమిత్రుడు రొబేర్ లాష్నే. షూటింగ్‌కు అతను సహాయకుడిగా పనిచేశాడు కూడా.

చిన్న మార్పులు సైతం ఆసక్తికరంగా ఉంటాయి. రోలాఁకు పర్వతారోహణ అంటే ప్రాణం. కొడుకును వదిలి కొండలకు వెళ్లిపోయే తల్లిదండ్రులు త్రుఫో జ్ఞాపకాల్లో ఉన్నారు. తెర మీది తండ్రికి కొండల బదులు కారు ర్యాలీల పిచ్చి పట్టించాడు దర్శకుడు. ఆదివారాలు ఎలా గడుస్తాయన్నది మాత్రం మారలేదు.

యుద్ధాన్ని ఎందుకు తీసేశారు?

త్రుఫో కౌమారం ఆక్రమణ కాలానికీ యుద్ధానంతర కరువు రోజులకూ చెందినది. చిత్రం మాత్రం 1950ల చివరి పారిస్‌లో జరుగుతుంది. దీనికి మొదటి కారణం డబ్బు. జర్మన్ యూనిఫారాలు, పాత వాహనాలు, ఖాళీ చేయించిన వీధులు చిన్న బడ్జెట్‌కు అందేవి కావు. త్రుఫో తలపెట్టింది నిజమైన వీధుల్లో తేలికపాటి కెమెరాతో తీసే సినిమా. ఆక్రమణ కాలం మీద అతను సినిమా తీసింది 1980లో, ‘లే దెర్నియే మెత్రో’తో.

ఫలితం మాత్రం ఖర్చు లెక్కతో ఆగలేదు. యుద్ధకాలపు పిల్లవాడు దొంగతనం చేస్తే ప్రేక్షకుడు వెంటనే కాలాన్ని తప్పుపడతాడు. ఆకలి, బాంబులు, చీకటి బజారు సాకుగా నిలబడతాయి. శాంతికాలంలో, ఉద్యోగాలున్న తల్లిదండ్రుల ఇంట్లో అదే పని జరిగితే ఆ సాకు దొరకదు. ఇంటి తలుపు తీసి లోపలికి చూడక తప్పదు. గుమ్మం పక్కన నడవలో ఆంత్వాన్ పడక. రాత్రి ఆలస్యంగా వచ్చిన తల్లి అతన్ని దాటుకుంటూ లోపలికి పోతుంది.

సినిమా పిచ్చిని తీసేయడం ఇంతకన్నా తెలివైన పని. నిజజీవితంలో త్రుఫో పదహారేళ్లకే ఫిల్మ్ క్లబ్ పెట్టి అప్పులపాలయ్యాడు. అతను కటకటాల వెనక్కి వెళ్లడానికి ఆ అప్పులే ప్రధాన కారణం. చిత్రంలో క్లబ్బూ లేదు, అప్పులూ లేవు. ఆంత్వాన్ కొట్టేసిన టైపురైటర్ అమ్ముడుపోక, దాన్ని తిరిగి పెట్టబోతూ పట్టుబడతాడు. తెచ్చిపెట్టేటప్పుడు దొరకడం అన్న చేదు హాస్యం సరే. కానీ ‘రేపటి మహా దర్శకుడు కళ కోసం తప్పు చేశాడు’ అనే ముచ్చటైన వివరణకు ఇక్కడ తావే లేకుండా పోయింది. ఆంత్వాన్‌కు ఏ ప్రతిభా లేదు. బాల్జాక్ మీద ప్రేమతో రాసిన వ్యాసానికి సైతం కాపీ కొట్టాడన్న నింద పడుతుంది. నిజం చెప్పాలంటే కాపీయే కొట్టాడు, కాకపోతే కంఠతా పట్టేంత భక్తితో.

మూడో లోటు ఆంద్రే బజాఁ. ‘కయే ద్యు సినెమా’ పత్రిక స్థాపకుల్లో ఒకడైన ఈ విమర్శకుడు త్రుఫోను నిర్బంధ కేంద్రం నుంచి బయటికి తెచ్చాడు, పని ఇప్పించాడు, ఒకరకంగా తండ్రి స్థానంలో నిలిచాడు. తర్వాత త్రుఫో సైన్యం నుంచి పారిపోయి చిక్కుల్లో పడినప్పుడూ ఆదుకున్నది అతనే. చిత్రంలో అలాంటి పెద్దదిక్కు ఒక్కరూ లేరు. షూటింగ్ 1958 నవంబరు 10న మొదలైంది. ఆ రాత్రే బజాఁ కన్నుమూశాడు. చిత్రం అతని స్మృతికి అంకితమైంది. ఆదుకున్న మనిషికి సినిమా అంకితమివ్వడం, ఆ సినిమాలో హీరోను ఆదుకునేవాడు లేకుండా చేయడం పక్కపక్కనే జరిగాయి.

తండ్రి అరెస్టు నుంచి తల్లి మరణానికి

మొదట అనుకున్నది చిన్న కథ. ఆంత్వాన్ బడి ఎగ్గొట్టి, అబద్ధం చెప్పి, ఇంటికి పోలేక రాత్రంతా బయట గడపడం దాని సారం. అది పెద్ద చిత్రంగా పెరిగినప్పుడు టెలివిజన్ రచయిత మార్సెల్ మూసీ కలిశాడు. ముడి జ్ఞాపకాలను కథనంలోకి మలచడంలో మూసీ చేయి పెద్దది. ఈ స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ నామినేషన్ దక్కింది.

ఆ కథనానికి ఇరుసు తల్లి. ‘అమ్మ చనిపోయింది’ అనే ముందు రోజే ఆంత్వాన్ క్లిషీ కూడలి దగ్గర ఆమెను పరాయి మగవాడి కౌగిట్లో చూస్తాడు. ఆమె కూడా అతన్ని చూస్తుంది. ఇద్దరూ నోరు విప్పరు. మర్నాటి అబద్ధం ఈ చూపుల తర్వాత వచ్చింది కాబట్టే అది బడి తప్పించుకునే సాకుగా ఆగిపోదు. నాన్నను జర్మన్లు పట్టుకున్నారన్న అసలు అబద్ధాన్ని అలాగే ఉంచితే ఈ ముడి పడేది కాదు. అది కాలానికి సంబంధించిన అబద్ధం. ఇది ఇంటికి సంబంధించినది.

తల్లి పాత్రను రాక్షసిగా చూపారన్న విమర్శ అప్పట్లో వచ్చింది. చిత్రం దానికి పూర్తిగా లొంగదు. పారిపోయిన కొడుకు దొరికాక ఆమె స్నానం చేయిస్తుంది, తన పడకలో పడుకోబెడుతుంది, చిన్ననాటి సంగతులు చెబుతుంది. క్లెర్ మోరియే ఆ సన్నివేశాన్ని నటించిన తీరులో నిజమైన లాలన ఉంది. వెంటనే బేరం కూడా ఉంది: ఫ్రెంచ్ వ్యాసరచనలో మొదటి అయిదుగురిలో వస్తే వెయ్యి ఫ్రాంకులు ఇస్తానంటుంది. కొడుకు చూసినదాన్ని భర్తకు చెప్పకుండా ఉండటానికి ఇస్తున్న లంచమా అది, తల్లి మనసు కరగడమా అన్నది తేలదు. తెర మీద తల్లి అంటే త్యాగమూర్తి అని అలవాటుపడ్డ ప్రేక్షకులను ఇబ్బందిపెట్టేది ఆమె చెడ్డతనం కాదు, ఈ తేలకపోవడం.

ఆల్బేర్ రెమీ పోషించిన తండ్రి జూలియాఁ ఇంకో రకం. గుడ్లు పగలగొట్టి వంట చేస్తాడు, జోకులు వేస్తాడు, కొడుకుతో చనువుగా ఉంటాడు. ఆ చనువుకు పునాది గట్టిది కాదు. పేరు ఇచ్చాను, అన్నం పెడుతున్నాను అన్న లెక్క ఎప్పుడూ పక్కనే ఉంటుంది. ముగ్గురూ నిజంగా కుటుంబంలా కనిపించేది ఒకే ఒక్క రాత్రి. బాల్జాక్ బొమ్మ ముందు ఆంత్వాన్ వెలిగించిన కొవ్వొత్తి వల్ల ఇంట్లో మంట లేస్తుంది. తిట్లు అయ్యాక అందరూ కలిసి సినిమాకు వెళ్లి నవ్వుకుంటూ తిరిగొస్తారు. ఆ తర్వాతి రోజు నుంచే పతనం మొదలవుతుంది.

కొడుకును పోలీసులకు అప్పగించే తండ్రి

నేటి ప్రేక్షకులకు మింగుడుపడని ఘట్టం ఇదే. టైపురైటర్ కోసం సొంత కొడుకును తండ్రి చేయి పట్టుకుని స్టేషనుకు తీసుకెళ్లడం ఏమిటి? ఫ్రెంచ్ చట్టంలో దీనికి పాత వేళ్లున్నాయి. 1804 నాటి నెపోలియన్ సివిల్ కోడ్ తండ్రికి ‘పితృ దండన’ హక్కు ఇచ్చింది. మాట వినని బిడ్డ పదహారేళ్లలోపు వాడైతే నెల వరకు, పైబడితే ఆరు నెలల వరకు నిర్బంధించమని కోర్టును కోరవచ్చు. ఈ హక్కును 1935లో, 1945లో సడలిస్తూ వచ్చారు. పూర్తిగా తొలగించింది 1958 డిసెంబరు 23 నాటి ఆర్డినెన్సు. అప్పటికి ఈ చిత్రం షూటింగ్ ఇంకా నడుస్తూనే ఉంది.

రెండో వేరు 1945 ఫిబ్రవరి 2 నాటి ఆర్డినెన్సు. బాల నేరస్థులను శిక్షించడం కన్నా తీర్చిదిద్దడం ముఖ్యమన్నది దాని సూత్రం. పిల్లలకు ప్రత్యేక న్యాయమూర్తిని నియమించింది, తీర్పుకు ముందు పిల్లవాడి స్వభావాన్ని ‘పరిశీలన కేంద్రం’లో అధ్యయనం చేయాలంది. త్రుఫోను ఉంచిన విల్‌జ్విఫ్ కేంద్రం అలాంటిదే. చిత్రంలో మానసిక నిపుణురాలు ప్రశ్నలు అడగడం ఈ సంస్కరణ పుణ్యమే. అదే కేంద్రంలో రొట్టె ముక్క ముందే కొరికినందుకు పిల్లవాడికి చెంపదెబ్బ పడుతుంది. కుర్రాళ్లు బయట తిరిగే వేళ అక్కడి చిన్నపిల్లలను కటకటాల గూటిలో పెట్టి తాళం వేస్తారు. కాగితం మీది సంస్కరణా, నేల మీది అలవాటూ ఒకే ఆవరణలో కాపురం చేస్తుంటాయి.

న్యాయమూర్తి ఎదుట తల్లి మాట్లాడే సన్నివేశం ఈ యంత్రాంగం ఎలా కదులుతుందో చెప్పేస్తుంది. తన భర్త పిల్లవాడి కన్నతండ్రి కాదని ఆమె అక్కడ బయటపెడుతుంది. పంపే చోటు సముద్రం దగ్గర ఉంటే బాగుంటుందని కూడా కోరుతుంది, కొడుకును వేసవి విడిదికి పంపుతున్నట్టు. ఆంత్వాన్ ఎప్పుడూ సముద్రం చూడలేదు. చివరి పరుగుకు గమ్యం ఎక్కడి నుంచి వచ్చిందో గమనిస్తే, అది తల్లి ఎంచిన చోటే.

పాత్రను మార్చేసిన కుర్రాడు

పత్రికా ప్రకటన చూసి వచ్చిన వందల మందిలో నుంచి ఎంపికైన జాఁ పియేర్ లెయోకు అప్పుడు పద్నాలుగేళ్లు. త్రుఫో రాసుకున్న ఆంత్వాన్ తనలాగే ముడుచుకుపోయేవాడు, దొంగచూపుల వాడు. లెయో దూకుడుగా ఉన్నాడు, తలెగరేసేవాడు. దర్శకుడు నటుణ్ని పాత్రలోకి కుదించకుండా పాత్రనే నటుడికి తగ్గట్టు సవరించాడు. దీంతో ఆంత్వాన్ ఇద్దరి మిశ్రమమయ్యాడు. ‘ఆత్మకథ’ అనే మాటకు ఇక్కడే అసలు చిల్లు పడింది.

మానసిక నిపుణురాలి సన్నివేశంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. చిత్రంలో చాలా భాగానికి శబ్దం తర్వాత చేర్చారు. ఈ సన్నివేశానికి మాత్రం అక్కడికక్కడే రికార్డు చేశారు. ప్రశ్నలు అడిగేవారు తెర మీద కనిపించరు, స్వరమే వినిపిస్తుంది. జవాబుల్లో ఎక్కువ భాగం లెయో అప్పటికప్పుడు చెప్పినవి. చేతులు నలుపుకుంటూ, నసుగుతూ, మధ్యలో నవ్వుతూ చెప్పే ఆ మాటల్లో త్రుఫో జ్ఞాపకం ఎక్కడ ఆగిందో లెయో స్వభావం ఎక్కడ మొదలైందో విడదీయడం కష్టం.

కెమెరామన్ ఆన్రీ దకాయే విశాలమైన డయాలిస్కోప్ తెరను వాడాడు. యుద్ధాలకూ ఎడారులకూ వాడే వెడల్పు తెర అది. దాన్ని ఇరుకు ఫ్లాటులో పెడితే మనుషులు ఒకరినొకరు రాసుకుంటూ కదలాల్సి వస్తుంది. అదే తెర వీధిలోకి రాగానే ఊపిరి పీల్చుకుంటుంది. చివరి పరుగు కూడా ఈ లెక్క మీదే నడుస్తుంది. కుర్రాడు ఫుట్‌బాల్ మైదానం నుంచి జారుకుని చాలాసేపు ఆగకుండా పరుగెత్తి నీళ్లలో అడుగు పెడతాడు. వెనక్కి తిరుగుతాడు. బొమ్మ నిలిచిపోతుంది.

మాల్ చేర్చాడు, త్రుఫో తీసేశాడు

మరో ఫ్రెంచ్ దర్శకుడు లూయీ మాల్ 1987లో తీసిన ‘ఓ రెవ్వార్ లెజాన్‌ఫాఁ’ను పక్కన పెడితే తేడా తెలుస్తుంది. మాల్ చదివిన హాస్టల్ బడిలో 1944 జనవరిలో దాగిన యూదు పిల్లలను జర్మన్ పోలీసులు పట్టుకుపోయారు. సినిమా దాని చుట్టూ అల్లినది. నిజంలో ఆ పిల్లల్లో ఒకడితో మాల్‌కు ఉన్న పరిచయం కన్నా తెర మీది స్నేహం చాలా గాఢమైనది. మాల్ స్నేహాన్ని పెంచి అపరాధ భావనకు బరువు తెచ్చాడు. త్రుఫో చరిత్రను తగ్గించి ఇంటికి బరువు తెచ్చాడు. మొరీస్ పియాలా 1968లో పెంపుడు ఇళ్ల మధ్య తిరిగే పిల్లవాడి మీద తీసిన ‘లాన్‌ఫాఁస్ న్యూ’లో ఇంకా మొరటైన నిజం ఉంది. దాని నిర్మాతల్లో త్రుఫో ఒకడు.

ఇంట్లో తగిలిన గాయం

1958లో కాన్ చలనచిత్రోత్సవం త్రుఫోకు విమర్శకుడిగా ప్రవేశం నిరాకరించింది. అంతకుముందు రాసిన ఘాటు రాతల ఫలితమది. 1959 మేలో అదే ఉత్సవంలో ఇరవై ఏడేళ్ల త్రుఫో ఉత్తమ దర్శకుడయ్యాడు. పత్రికలు అతని బాల్యాన్ని తవ్వాయి. పిల్లవాడిని పట్టించుకోని తల్లిదండ్రులుగా రోలాఁ, జానీన్ ఊరందరి నోళ్లలో పడ్డారు. ఇద్దరూ తీవ్రంగా నొచ్చుకున్నారు. చిత్రం విడుదలైన రోజుల్లోనే త్రుఫో ‘ఆర్’ వారపత్రికలో ఇది తన జీవితచరిత్ర కాదని రాయాల్సి వచ్చింది. 1957లో అదే పత్రికలో, రేపటి సినిమా డైరీలాగా, ఒప్పుకోలులాగా వ్యక్తిగతంగా ఉంటుందని రాసింది కూడా అతనే. రెండు మాటలూ అబద్ధం కాదు. 1957 నాటిది సిద్ధాంతం, 1959 నాటిది ఇంట్లో జరిగిన గొడవకు జవాబు.

తర్వాత ఇరవై ఏళ్లపాటు లెయో అదే ఆంత్వాన్‌గా పెరుగుతూ వచ్చాడు. 1962లో ఒక లఘుచిత్రం, 1968, 1970, 1979ల్లో మూడు పెద్ద చిత్రాలు. వీటిలో 1968 త్రుఫోకు ముఖ్యమైన సంవత్సరం. ఆ ఏడాది తల్లి జానీన్ మరణించింది. ఆ ఏడాదే ప్రైవేటు డిటెక్టివ్ ద్వారా కన్నతండ్రి ఆచూకీ కనుక్కున్నాడు. ఆయన బెల్ఫోర్‌లో ఉంటున్న యూదు దంతవైద్యుడు. త్రుఫో వెళ్లి పరిచయం చేసుకోలేదు.

సిరీస్‌లో చివరిదైన 1979 చిత్రం ‘లామూర్ ఆఁ ఫ్వీత్’లో ఆంత్వాన్‌కు ఒక వృద్ధుడు ఎదురవుతాడు. ఇరవై ఏళ్ల కిందట క్లిషీ కూడలిలో తల్లిని కౌగిలించుకున్న మనిషి అతనే. మీ అమ్మ తనదైన పద్ధతిలో నిన్ను ప్రేమించింది అని చెప్పి, ఆంత్వాన్ అంతవరకూ చూడని ఆమె సమాధి దగ్గరకు తీసుకెళ్తాడు. ఆ సమాధి మోంమార్త్ర్ శ్మశానంలో ఉంది. 1984 అక్టోబరులో మరణించిన త్రుఫో సమాధి ఉన్నది కూడా ఆ శ్మశానంలోనే.